నిలబడే గీత

మొన్న బజార్లో కుండ బేరమాడుతున్నాను. కుండలాయన "తట్టి చూసుకోండమ్మా" అన్నాడు. నేను తట్టడం మానేసి కొప్పులో చెయ్యి పెట్టుకుని వెతుక్కుంటున్నాను. ఏం వెతుకుతున్నానో ఒక్క క్షణం నాకే అర్థం కాలేదు. పక్కనే ఉన్న మా ఆడబిడ్డ, "ఏంటొదినా, పిన్ను ఊడిందా?" అంది. పిన్ను కాదు, చీపురుపుల్ల. ఎప్పుడో ఎనభైల్లో ఒకావిడ కొప్పులో ఉండే చీపురుపుల్ల కోసం నా చెయ్యి నా కొప్పులోకి పోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చేసింది. కుండ ఎంత చెబితే అంతకి తీసేసుకున్నాను. ఆడబిడ్డ ఇల్లు చేరేదాకా నన్ను తిడుతూనే ఉంది.

ఆవిడ మా లెక్కల మేడం. వినుకొండలో నేను ఇంటర్ రెండో సంవత్సరం చదివేటప్పుడు మాకు కలన గణితం చెప్పారు. కాలేజీలో మిగతా మేడములకి పేర్లుండేవి. ఈవిడకి లేదు, ఉత్త "మేడం" అంటే ఈవిడే. అందుకని ఇక్కడా పేరు రాయడం లేదు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, చివరి రోజుల్లో ఎవరి దగ్గరున్నారు అని అడిగితే నా దగ్గర సరైన జవాబుల్లేవు. పోయారని మాత్రం చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. ఆ పుల్లల సంగతి చెప్పమంటే మాత్రం పొద్దు గూకేదాకా చెబుతాను.

కొబ్బరి చీపురుపుల్లలు రెండు. ఒకదాన్ని అడ్డంగా ఉంచి, దాని నడుమ మీద రెండోదాన్ని నిలబెట్టి, నల్లదారంతో బిగించి కట్టుకున్నారు. వాటిని కొప్పులో గుచ్చుకుని కాలేజీకి వచ్చేవారు. వంపుగా ఏది కనిపించినా సరే, చెయ్యి కొప్పు మీదికి పోయేది. పుల్లలు తీసి, అడ్డపుల్లని ఆ వంపుకి మెల్లగా ఆనించి, రెండో పుల్ల ఎటు నిలబడిందో చూసేవారు. చూసి, అలాంటిది పుట్టాక చూడనట్టు మురిసిపోయేవారు. వరండాలో మంచినీళ్ళ కుండకి పెట్టారు. గంట కొట్టే అటెండరు గుండుకి పెట్టబోతే ఆయన పారిపోయాడు. బస్టాండులో బస్సు టైరుకి పెట్టి చూస్తుంటే కండక్టరు, "మేడం గారూ, టిక్కెట్టు పడుకోబెట్టి ఇమ్మంటారా, నిలబెట్టి ఇమ్మంటారా?" అని ఏడిపించాడు. ఆవిడకి కోపం రాలేదు. "ముందు నీ విజిల్ ఇటివ్వు, దాని వంపు బాగుంది" అన్నారు.

అభిలంబ రేఖ పాఠం మొదలుపెట్టిన రోజు ఆవిడ బోర్డు మీద ఏమీ రాయలేదు. మంచినీళ్ళ కుండని క్లాసులోకి తెప్పించి బల్ల మీద పెట్టారు. "వక్రం అంటే బెదిరిపోకండి. ఎంత వంకర గీతైనా ఒక్కచోట దగ్గరికెళ్ళి చూస్తే, అది ఎటో ఒకవైపే చూస్తుంటుంది. ఎటు చూస్తుందో చెప్పేదే డీవై బై డీఎక్స్. ఆ వైపుకే ఆనుకుని గీస్తే స్పర్శరేఖ. అదే పాయింటు మీద, దానికి లంబంగా లేచి నిలబడితే అభిలంబ రేఖ. మొదటిదాని వాలు తెలిస్తే రెండోదాని వాలు తెలిసినట్టే. తలకిందులు చెయ్యి, గుర్తు మార్చు. ముందు ఆనుకో, తర్వాత నిలబడు. అంతే, ఇంకేం లేదు!"

ముందు ఆనుకో, తర్వాత నిలబడు అన్నది ఆవిడ ఊతపదం. బస్సులో ఒకళ్ళనొకళ్ళు తోసుకునే వాళ్ళకి కూడా అదే చెప్పేవారు.

ఇంకో మాట కూడా ఉండేది. లెక్క తేలగానే "స్తోత్రం!" అని అరిచేవారు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునే గొంతు కదా, పక్క క్లాసులో తెలుగు మాస్టారి పద్యం మధ్యలో ఆగిపోయేది. ఆ మాట క్లాసందరికీ అంటుకుంది. ఒకరోజు ఇంట్లో గంజి చుక్క ఒలక్కుండా అన్నం వార్చి నేను కూడా "స్తోత్రం!" అన్నాను. మా నాయనమ్మ నమాజు తప్పని మనిషి. "ఏందే, ఆ మాట యాడ నేర్చావు?" అంది. లెక్కల్లో అన్నాను. "లెక్కల్లో అల్లా పేరు రాదంటనా?" అని నిలదీసింది. మేడంతో చెబితే పడీ పడీ నవ్వారు. "మీ నాయనమ్మ అడిగింది న్యాయమే మస్తాన్‌బీ. నువ్వు నీ మాటే అనుకో. జవాబు మాత్రం సరిగ్గా రావాలి" అన్నారు.

మాకు అంతకుముందు కూడా లెక్కల మాస్టార్లున్నారు. వాళ్ళకి లెక్కలు వచ్చు. ఈవిడకి లెక్కలంటే సంబరం. ఆ తేడా నాకు ఆ ఏడు మా మిరపతోట దగ్గర తెలిసింది.

మేం దూదేకుల వాళ్ళం. తాతలది పత్తి ఏకే పని, పరుపులు కుట్టే పని. మా నాయనకి మాత్రం మిరప మీద మోజు. ఆ ఏడు వాగుకి కాస్త దూరంలో ఒక చేను కౌలుకి పట్టి మిరప నాటాడు. నాటు పడ్డాక వాన మొహం చాటేసింది. రోజూ తెల్లారి లేచి మబ్బుకేసి చూడటం, వచ్చి మంచం మీద కూలబడటం. ఒక పొద్దున నేను పుస్తకాలు సర్దుకుంటుంటే పిలిచాడు.

"అమ్మా, తోట బతికిందా, కాలేజీకి పో. ఎండిపోయిందా, అమ్మతో పాటు పత్తి తీతకు పోవాలి. నాకు ఇంకో దారి కనపడటంలా."

కోపంగా అంటే నేనూ కోపంగా ఏదో ఒకటి అనేదాన్ని. మెల్లగా అన్నాడు. అంటే నిజమే అన్నమాట.

పక్కచేను సుబ్బయ్య మామ జాలిపడి ఆయిల్ ఇంజను ఇచ్చాడు. పైపులు దొరికినన్ని తెచ్చారు. ఊళ్ళో అందరి చేలూ ఎండుతున్నాయి, ఇంకొక్క పైపు కూడా ఎవరి దగ్గరా మిగల్లేదు. వాగులోకి బండ్లు దిగే రేవు ఉంది. ఇంజను అక్కడ పెట్టి చేను వైపు పైపులు పరుచుకుంటూ వచ్చారు. పైపులు అయిపోయాయి, చేను రాలేదు. చివరి పైపు మూతి దగ్గర నిలబడితే మొక్కలు కనిపిస్తున్నాయి, తలలు వాల్చేసి. మిగిలిన దూరం కాలవ తీద్దామంటే నల్లరేగడి, చెయ్యి పట్టేంత నెర్రెలు. పారించిన నీళ్ళన్నీ అవే తాగేశాయి.

మర్నాడు కాలేజీలో స్లిప్ టెస్టు. వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ అనే వక్రానికి మూలబిందువు దగ్గర అభిలంబ రేఖ కనుక్కోమన్నారు. స్పర్శరేఖ వాలు సున్నా వచ్చింది. తలకిందులు చేస్తే సున్నాతో భాగించాలి. సున్నాతో భాగించకూడదని చిన్నప్పటినుంచీ చెబుతున్నారు కదా. నేను "ఇక్కడ అభిలంబ రేఖ లేదు" అని రాసి ఇచ్చేశాను. మనసంతా చేను దగ్గరే ఉంది.

"లేదా!" అన్నారు మేడం నా కాగితం చూసి. తిట్టలేదు. దొంగ దొరికినంత సంతోషంగా అన్నారు. "లెగు మస్తాన్‌బీ. నిలబడు. నీ కాళ్ళ కింద గచ్చు వాలెంత?"

"సున్నా మేడం."

"దాని మీద నువ్వు నిలబడ్డావా లేదా?"

"నిలబడ్డాను."

"మరి లేదంటావేం? నువ్వే అభిలంబ రేఖ! వాలు సంఖ్యగా రాయలేకపోతే గీత లేకుండా పోతుందా? ఎక్స్ ఈక్వల్స్ జీరో. నిటారుగా ఉంది!"

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాలి. ఏడ్చేశాను.

ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "లెక్క తప్పయితే ఎవరూ ఇంత ఏడవరమ్మా. సంగతేంటో చెప్పు" అన్నారు. అంతా చెప్పాను. తోట, వాన, పత్తి తీత, చాలని పైపులు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి వింటున్నారు. రేవు దగ్గర వాగు వంపు తిరుగుతుందని అన్నానో లేదో, ఆ చెయ్యి కొప్పు మీదికి పోయింది.

"ఆగాగు. వాగు వంపు తిరుగుతుందా? పైపులు ఎటు వేశారు?"

"రేవు దగ్గర వాగు ఎటు పోతుంటే అటే మేడం, తిన్నగా. మా ఊళ్ళో అందరూ అట్టాగే వేస్తారు. నీళ్ళు పారే దారినే పైపు పోవాలంటారు."

"అది స్పర్శరేఖమ్మా!" అని ఒక్క కేక పెట్టారు. స్టాఫ్ రూములోంచి ఫిజిక్స్ సారు తల బయటపెట్టి చూశారు. "మీ నాయన స్పర్శరేఖ మీద నీళ్ళు తెస్తున్నాడు! వక్రానికి దగ్గర దారి ఎప్పుడూ అభిలంబ రేఖ మీదే ఉంటుంది. మీ చేను మీదుగా పోయే అభిలంబ రేఖ వాగు మీద ఎక్కడ నిలబడిందో కనుక్కోవాలి. ఆదివారం వస్తున్నాను, మీ నాయనతో చెప్పు."

ఆదివారం ఆరాధన అయీ కాగానే వచ్చేశారు. తెల్లచీర, బైబిలు సంచి, గొడుగు. నాయన కంగారుపడి మంచం వాల్చి దాని మీద దుప్పటి పరిచాడు. ఆవిడ కూర్చోలేదు. "మోకు ఉందాండీ?" అన్నారు. బండి మీద బస్తాలు బిగించే లావుపాటి తాడు తెచ్చి ఇచ్చాడు.

రేవు దగ్గర సున్నా అన్నారు. అక్కణ్ణించి పైపుల వెంట తాడు సాగదీసుకుంటూ పోతే మా చేను గట్టు మూడు మోకుల దూరం. పైపులు రెండున్నర దగ్గరే ఆగిపోయాయి. ఇక వాగుని కొలవాలి. రేవు దాటాక ఒడ్డంతా సర్కారు తుమ్మ. అది కళ్ళకి అడ్డం, కాళ్ళకీ అడ్డం. దాని వెనకాల వాగు ఎటు తిరిగిందో పైనుంచి కనపడదు. పశువులు కూడా దూరని చోట ఎవరికేం పని? మేడం చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వాగులోకి దిగారు. నేను ముళ్ళలోంచి తాడు దూర్చాను. చేతులు గీసుకుపోయాయి, ఆవిడ చీర రెండుచోట్ల చిరిగింది. అర మోకు ముందుకి పోతే వాగు పైపుల దారి నుంచి పావు మోకు పక్కకి ఒరిగింది. మోకు నిండా పోతే మోకు నిండా ఒరిగింది.

"అబ్బబ్బబ్బ! వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్!" అని గంతేశారు. అంతలోనే మళ్ళీ, "అచ్చంగా అదే కాదులే. వాగు మన సిలబస్ చదవలేదు. దగ్గరగా ఉంది, మనకి చాలు" అన్నారు.

తడి ఇసుక చదును చేసి నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ అడగడం, నేను వేలితో రాయడం.

"వక్రం మీద ఒక పాయింటు. దాని ఎక్స్ విలువ టీ అనుకో. వై?"

"టీ స్క్వేర్."

"స్పర్శరేఖ వాలు?"

"టూ టీ."

"నిలబడే గీత వాలు?"

"మైనస్ వన్ బై టూ టీ."

"ఆ గీత మీ చేను గట్టు తాకాలి. గట్టు ఎక్కడుంది?"

"మూడు, సున్నా దగ్గర."

రాస్తూ పోయాను. ఇసుక చాలక పక్కకి జరిగాను. చివరికి టూ టీ క్యూబ్ ప్లస్ టీ మైనస్ త్రీ ఈక్వల్స్ జీరో అని తేలింది. దాన్ని ఎలా విప్పాలో తోచక తలెత్తి చూశాను. "ఒకటి పెట్టి చూడు" అన్నారు, ఊపిరి బిగబట్టి.

"రెండు... ఒకటి... మూడు. మూడులోంచి మూడు పోతే..."

"పోతే?"

"సున్నా మేడం!"

"స్తోత్రం!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. వాగులో కొంగలు లేచిపోయాయి. ఆవిడ నిజంగానే ఎగిరారు. ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నేను అంత సంతోషపడిన రోజు లేదు. ముళ్ళ వెనకాల, ఎవరికీ అక్కర్లేని ఒక చోటు, మా చేనుకి నిటారుగా ఎదురుగా నిలబడి ఉంది. దాన్ని నా వేలు కనిపెట్టింది. అక్కణ్ణించి గట్టుకి ఎంత అని లెక్కేస్తే రూట్ ఐదు వచ్చింది. రెండుంబావు మోకులు కూడా లేదు. పైగా అక్కడ మడుగు ఉంది. కర్ర దించితే ములిగిపోయింది. "వంపుకి బయటి ఒడ్డు కదా, వాగు అక్కడే లోతుగా తవ్వుకుంటుంది" అన్నారు మేడం.

ఒడ్డు మీద నాయన, సుబ్బయ్య మామ నిలబడి ఉన్నారు. చెప్పాం. సుబ్బయ్య మామ ఒప్పుకోలేదు.

"నీళ్ళు పారే దారిన పైపు వెయ్యాల గానీ, అడ్డంగా వేస్తారా ఎక్కడన్నా? ఇంజను మీద బరువు పడద్దండీ మేడం గారూ."

"వాగు ఎటు పోతుందో ఇంజనుకి తెలియదండీ సుబ్బయ్యగారూ. నీళ్ళలో మునిగిన పైపు ఒక్కటే దానికి తెలుసు."

తుమ్మ నరకాలి, పైపులన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాలి. ఉన్న ఓపికంతా దీనికే అయిపోతుంది. ఇది కూడా అందకపోతే మొక్కలు ఇంకో పూట ఆగవు. నాయన మేడం వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఆమె పెద్దామె, ఆమె చదువు ఆమెది. ఈ లెక్క నువ్వు చేశావా?"

"చేశాను నాయనా."

"నీళ్ళు అందుతయ్యా?"

నేను మేడం కోసం పక్కకి తిరిగాను. ఆవిడ కావాలనే మొహం వాగు వైపు తిప్పేసుకున్నారు.

"అందుతయ్యి నాయనా."

నాయన గొడ్డలి భుజాన వేసుకుని తుమ్మలోకి దిగాడు.

మేడం ఆఖరి బస్సుకి వెళ్ళిపోవాలి. బస్సెక్కుతూ, "రేపు కాలేజీలో..." అని మొదలుపెట్టి ఆపేశారు. నీళ్ళు అందకపోతే నాకు రేపు కాలేజీ లేదని నాకు అర్థమైంది. ఆవిడకీ అర్థమైంది. గొడుగు ఊపి వెళ్ళిపోయారు.

పొద్దు గూకేవేళకి పైపులు బిగించడం అయింది. సుబ్బయ్య మామ గొణుక్కుంటూనే హ్యాండిలు తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. గట్టు మీద పైపు మూతి దగ్గర నేనూ అమ్మా కూర్చున్నాం. ముందు గాలి వచ్చింది. తర్వాత బురద. తర్వాత నీళ్ళు, ఇంత లావున, గట్టు మీంచి సాళ్ళలోకి దూకుతూ. అమ్మ ఏడుస్తూ నవ్వింది. నాయన దోసిలి పట్టి మొహం కడుక్కున్నాడు. తర్వాత పక్కన ఇంకా బిగించకుండా మిగిలిపోయిన ఒక పైపుని చూస్తూ ఉండిపోయాడు. నీళ్ళకంటే దాన్నే ఎక్కువసేపు చూశాడు.

పొద్దున్నే నన్ను లేపింది ఆయనే. "లెగమ్మా, బస్సుకి టైమయితంది" అన్నాడు.

బస్సులో దారిపొడుగునా మేడంతో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఇంజను ఎలా దగ్గింది, సుబ్బయ్య మామ ఎలా గొణిగాడు, ఏదీ వదలకూడదనుకున్నాను. వినుకొండ బస్టాండులోకి బస్సు తిరుగుతుంటే కిటికీలోంచి ఆవిడ కనిపించారు. కాలేజీలో ఉండాల్సిన మనిషి బస్టాండులో, గొడుగు ముడిచి పట్టుకుని ఎండలో నిలబడి, బస్సు కిటికీలన్నీ ఒక్కొక్కటే వెతుకుతున్నారు. నేను దిగుతుంటే టీ కొట్టతను, "వచ్చావా తల్లీ! మీ మేడం ఫస్టు బస్సు కాణ్ణించీ ఇక్కడే ఉంది. మీ వైపు బస్సు వచ్చినప్పుడల్లా పరిగెత్తుతా ఉంది. టీ కూడా తాగలా" అన్నాడు.

నేను ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆవిడ నీళ్ళ సంగతి అడగలేదు. నన్నూ, నా చేతిలో పుస్తకాల్నీ చూశారు. నేను బస్సు దిగడమే ఆవిడకి కావలసిన జవాబు. సిమెంటు బల్ల మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకున్నారు. అప్పుడు చూశాను, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"నిద్ర పట్టలేదమ్మా. ఒకవేళ ఆ వాగు ఎక్స్ స్క్వేర్ కాకపోతే? నీ బతుకు మీద ప్రయోగం చేశానేమోనని ఒకటే భయం."

ఆవిడ కూడా భయపడతారని నేను అనుకోలేదు. అంత ధీమాగా గంతులేసిన మనిషి, ఇంటికెళ్ళి నా కోసం వణికారు. మా అమ్మ, నాయన కాకుండా నేను చదువుకోవడం ఇంకొకరికి అంత ముఖ్యమని ఆ బస్టాండులో మొదటిసారి తెలిసింది.

"ఒక పైపు మిగిలింది కూడా మేడం" అన్నాను.

ఆవిడ నవ్వారు. లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "పద, మొదటి గంట కొట్టేస్తారు" అని గబగబా నడిచారు. బజారంతా చూస్తున్నా సరే, క్లాసు గుమ్మం దాకా ఆ చెయ్యి వదల్లేదు.